ముందు పత్రా, తర్వాతే ఫ్యాను

సోలాపూర్ కొంతం చౌక్‌లో మే నెల మధ్యాహ్నం రెండు గంటలు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఈ తూర్పు పేటలను ఊరంతా ‘పూర్వ భాగ్’ అంటుంది. ఇక్కడి సందుల్లో మరమగ్గాల టకటక ఎండకు ఆగదు. కార్ఖానా పక్క గదిలో బీడీలు చుట్టే ఇల్లాలు ఒళ్ళో చేట పెట్టుకుని కూర్చుంటుంది. నెత్తి మీద పత్రా ఉంటుంది. రేకుకు ఇక్కడ మరాఠీ మాటే తెలుగైపోయింది. పత్రా కింద ఫ్యాను కూడా ఉంటుంది గానీ పని వేళ అది తిరగదు. తిరిగితే చేటలో తంబాకు పొడి ఎగురుతుంది. తడిపి గుడ్డలో చుట్టిన తునికాకు ఎండి, మడత పెట్టబోతే పెళుసై విరుగుతుంది. ఆకు పాడైతే కూలీలో కోత పడుతుంది. అందుకే ఆమె స్విచ్ కట్టేసి, కొంగుతో మెడ తుడుచుకుని, మళ్ళీ చుట్టడం మొదలుపెడుతుంది.

ఇంటి కరెంటు పొదుపు గురించి ప్రభుత్వాలు, కంపెనీలు చెప్పే మాటలన్నీ ఆ స్విచ్ దగ్గరే మొదలవుతాయి. మంచి ఫ్యాను కొనండి, స్టార్లున్న ఏసీ కొనండి, సోలార్ పెట్టించండి అంటాయి. అవి చెడ్డ సలహాలేమీ కావు. కానీ కొంతం చౌక్ లాంటి పేటలో లెక్క స్విచ్ దగ్గర మొదలుపెడితే తప్పుతుంది, పత్రా దగ్గర మొదలుపెట్టాలి. ఇంట్లోకి వేడి దిగనివ్వకపోవడం ముందు పని. దిగిన వేడిని యంత్రంతో తోలడం ఆ తర్వాతి సంగతి.

చలి దేశాల్లో ఇదే గొడవ తిరగేసి ఉంటుంది. మాంచెస్టర్‌లోనో టొరంటోలోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబానికి ఇల్లు వెచ్చగా ఉంచడమే పెద్ద ఖర్చు. గ్యాస్ బాయిలర్ తీసి హీట్ పంపు పెట్టుకోవాలా వద్దా అన్నది అక్కడి ఇళ్ళలో ఏడాదంతా నలిగే చర్చ. ఇంగ్లండ్, వేల్స్‌లలో అలా మార్చుకునేవారికి ఇచ్చే సాయాన్ని 2023 అక్టోబరులో 7,500 పౌండ్లకు పెంచారు. అయినా అక్కడి అనుభవజ్ఞులు మొదట అడిగేది బాయిలర్ సంగతి కాదు. అటక మీద దూది పరుపు వేశారా, కిటికీ సందులు మూశారా అని అడుగుతారు. వేడి కారిపోయే ఇంటికి ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. సోలాపూర్‌లో వేడి బయటికి కారదు, లోపలికి కారుతుంది. వరస మాత్రం అదే.

ఇక్కడ ‘హీటింగ్’ అంటే స్నానానికి నీళ్ళు కాచుకోవడమే. పాత ఇళ్ళలో రాగి బంబు ఇంకా కనిపిస్తుంది. మధ్యన గొట్టంలో కట్టెలు, చుట్టూ నీళ్ళు, పైకి పొగ. దాని స్థానంలో చాలా చోట్ల హీటర్ రాడ్ వచ్చింది. 15 లీటర్ల బకెట్ నీళ్ళను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి సుమారు పావు యూనిట్ కరెంటు చాలు. అయిదుగురు రోజూ తలో బకెట్ పోసుకుంటే నెలకు 40 యూనిట్ల దాకా అవుతుంది. చలికాలం మూడు నాలుగు నెలలకు అది లెక్కలోకి వచ్చే ఖర్చే. సోలార్ హీటర్ ఆ ఖర్చును మిగులుస్తుంది, కానీ నీళ్ళు నింపిన ట్యాంకు బరువును పాత పత్రా మోయలేదు. మిగతా ఏడాది పొడుగునా నీళ్ళు కాచుకునే సమస్యే లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మేడ మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు కిందున్న కొళాయి తిప్పి చేయి పెట్టలేరు. అప్పుడు చల్లటి నీళ్ళ కోసం తెల్లారుజామునే బకెట్లు నింపి పెట్టుకోవాలి. అంటే ఈ ఊళ్ళో నీళ్ళు కాచుకోవడం చిన్న సమస్య, కప్పు కాగడం పెద్ద సమస్య.

ఈ కప్పు మొదటి నుంచీ ఇలా లేదు. పందొమ్మిదో శతాబ్ది చివర్లో సోలాపూర్‌లో నూలు మిల్లులు లేచాయి. అప్పటి నుంచి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పద్మశాలీలు మగ్గాలు, కుటుంబాలతో వచ్చి ఇక్కడ కుదురుకున్నారు. కొంతం అన్నదే ఒక తెలుగు ఇంటిపేరు. ఆనాటి సోలాపూర్ ఇళ్ళకు మరాఠీలో మాళవద్ అనే మట్టి మిద్దెలుండేవి. దూలాల మీద పలకలు పరిచి, దాని మీద మందంగా మట్టి కొట్టేవారు. పగటి ఎండ ఆ మట్టిలోనే ఇంకేది, ఇంట్లోకి దిగేసరికి పొద్దుగూకేది. తెలంగాణ పల్లెలో మిద్దె కింద పుట్టినవాళ్ళకు అది కొత్త కాదు.

మగ్గానికీ అలాంటి ఇల్లే అనువు. పొడిగాలిలో నూలుపోగు బలం తగ్గి పుటుక్కున తెగుతుంది. గాలిలో తేమ 75-80 శాతం దాకా ఉంటే పడుగు నిలకడగా నడుస్తుంది. నేతగాడు గుంట తవ్వి కాళ్ళు అందులో పెట్టుకుని నేయడానికి ఉన్న కారణాల్లో నేల తడి ఒకటి. ఆ తడి పడుగుకు అందేది. ఇంగ్లండ్ మిల్లుల్లోనైతే యజమానులు షెడ్లలోకి ఆవిరి వదిలేవారు. పోగు తెగకుండా పని సాగేది గానీ కార్మికులు ఉక్కకు అల్లాడేవారు. చివరికి 1889లో అక్కడి పార్లమెంటు తేమకు హద్దులు పెడుతూ చట్టం చేయాల్సి వచ్చింది. పోగుకు కావలసిన గాలికీ మనిషికి కావలసిన గాలికీ మధ్య తగవు అంత పాతది.

మరమగ్గాలు వచ్చాక మట్టి మిద్దె నిలవలేదు. యంత్రం అదురుకు మట్టి రాలుతుంది, ఏటా మరమ్మతు కావాలి, పైన ఇంకో గది వేయడానికి వీలుండదు. పత్రా అయితే ఒక్క రోజులో పడుతుంది. అలా మందపాటి కప్పు పోయి పలచని రేకు వచ్చింది. దాని కిందే చాదర్ నేశారు, టవల్ నేశారు, సంసారమూ సాగించారు. సోలాపూరీ చాదర్‌కూ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవి నేసిన గదుల వేడిని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

రేకు కింద ఉక్క ఎందుకంత ఎక్కువో కొంచెం వివరంగా చూడాలి. కొత్త జింకు రేకు తళతళలాడుతుంది కాబట్టి ఎండను చాలావరకు తిప్పికొడుతుందనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ అలాంటి లోహానికి ఒక లోపం ఉంది. పట్టిన వేడిని తిరిగి ఆకాశానికి వదిలే గుణం దానికి తక్కువ. తుప్పు పట్టాక ఎండను తిప్పికొట్టే గుణమూ పోతుంది. మిట్టమధ్యాహ్నం అది పెనంలా కాగుతుంది, ఆ వేడి నేరుగా కింద కూర్చున్నవాళ్ళ నెత్తిన కురుస్తుంది. స్లాబు ఇల్లు మరో రకం. పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంది. అందుకే పత్రా ఇంటివాళ్ళకు మధ్యాహ్నం నరకం, స్లాబు ఇంటివాళ్ళకు నిద్ర కరవు.

రెంటికీ చవకైన మందు ఒకటే, పైన తెలుపు. సున్నమైనా సరే, వేడి తిప్పికొట్టే తెల్ల రంగైనా సరే. తెల్ల పూత ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపుతుంది, పట్టిన కాస్త వేడినీ త్వరగా వదిలేస్తుంది. ఇంటి లోపల 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుందని మన దేశంలో ఈ పని చేసినవాళ్ళు చెబుతున్నారు. 42 డిగ్రీల మధ్యాహ్నాన మూడు డిగ్రీలు తగ్గినా మనిషి కూర్చుని పని చేసుకోగలడు. అన్నిటికంటే పెద్ద సంగతి, తెల్ల కప్పు చల్లబరిచేటప్పుడు గాలిని కదిలించదు, తేమను తాగదు. తంబాకు ఎగరదు, తునికాకు ఎండదు, పడుగు తెగదు. బీడీ చేటకూ మగ్గానికీ మనిషికీ ఒకేసారి పనికొచ్చే ఉపాయం ఈ పేటలో ఇంకొకటి లేదు.

దీనికి దారి చూపిన ఊళ్ళున్నాయి. అహ్మదాబాద్ 2013లో దక్షిణాసియాలోనే మొదటగా వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. 2017లో మురికివాడల ఇళ్ళ కప్పులకు తెల్ల పూత వేయడాన్ని అందులో చేర్చింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. అయిదేళ్ళలో హైదరాబాద్‌లో 200 చదరపు కిలోమీటర్లు, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల మేర చల్లని కప్పులు రావాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి. నివాసాల్లో 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికే తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఇష్టమైతేనే. అసలు చిక్కు అక్కడే ఉంది. వేడికి ఎక్కువగా మగ్గేది అరవై గజాల ఇల్లు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్డు కిందైనా, సోలాపూర్‌లో పత్రా కిందైనా విధానం వెతుక్కుంటూ రావలసింది ఆ చిన్న కప్పు దగ్గరికే.

‘ఒక సంచి సున్నం కొనుక్కుని ఎవరింటికి వాళ్ళు పూసుకుంటే పోయేదానికి ప్రభుత్వం ఎందుకు?’ అని ఎవరైనా అడగొచ్చు. సబబైన ప్రశ్నే. సున్నం ఖరీదు పెద్దది కాదు, కానీ వానాకాలంలో కొట్టుకుపోతుంది, ఏటా పూయాలి. పాత పత్రా మీద నడవడం ప్రమాదం, తెలిసిన మనిషి ఎక్కాలి. అద్దె ఇల్లయితే ఇంకో పేచీ. వేడి భరించేది అద్దెకున్నవాళ్ళు, కప్పు ఇంటి యజమానిది. ఒకరికి అవసరం ఉంటుంది, ఇంకొకరికి హక్కు ఉంటుంది, పని మాత్రం జరగదు. అందుకే ఇది సందు సందంతా ఒకేసారి చేయవలసిన పని. వానకు ముందు నాలాలు తీయించినట్టే ఎండకు ముందు కప్పులు తెలుపు చేయించడం కూడా నగరపాలిక పనుల పట్టికలో ఉండాలి.

కప్పు సంగతి తేలాక ఫ్యాను దగ్గరికి రావచ్చు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తింటుంది. బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను దాదాపు అంతే గాలికి 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రెండు మామూలు ఫ్యాన్లు రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 72 యూనిట్లు. బీఎల్‌డీసీవైతే 29. తేడా 43 యూనిట్లు. మహారాష్ట్ర కరెంటు బిల్లులో 100 యూనిట్ల గీత దాటగానే పై యూనిట్లకు ధర దాదాపు రెట్టింపవుతుంది. ఫ్రిజ్జు, టీవీ, లైట్లు కలుపుకుంటే వేసవిలో చిన్న సంసారాన్ని కూడా ఆ గీత దాటించేది ఈ ఫ్యాన్లే. మిగిలే 43 యూనిట్లూ గీత పైవే అయితే నెలకు నాలుగు వందలకు పైగా ఆదా. ఫ్యాను మీద పెట్టిన అదనపు డబ్బు ఒకటి రెండు ఎండాకాలాల్లో తిరిగొస్తుంది.

తెలియక కాదు, చేతిలో ఒక్కసారిగా మూడు వేలు లేక జనం పాత ఫ్యానుకే కొత్త కెపాసిటర్ వేయించుకుంటారు. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి. కొత్తది కొనేవాళ్ళకే ఆ గుర్తు కనబడుతుంది. ఎల్ఈడీ బల్బు ఇళ్ళలోకి ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ బల్బులను టోకున కొంది. 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. అదే సంస్థ 2023 నవంబరులో కోటి ఫ్యాన్ల కార్యక్రమం ప్రకటించింది. ఆ ఫ్యాన్లు బిల్లులో నెల వాయిదాల మీద కొంతం చౌక్ దాకా వస్తేనే దానికి అర్థం.

కూలర్ మాటా చెప్పుకోవాలి. సోలాపూర్ ఎండ పొడి ఎండ కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కూలర్ బాగా పనిచేస్తుంది, ఏసీతో పోలిస్తే కరెంటు చాలా తక్కువ. మగ్గం ఉన్న గదిలో కాస్త తేమ కూడా ఇస్తుంది. కానీ అది నీళ్ళు తాగే యంత్రం. ఉజనీ డ్యామ్ మీద బతికే ఈ ఊళ్ళో కొళాయి రోజూ రాదు. డ్రమ్ములో పట్టుకున్న నీళ్ళు వంటకా, స్నానానికా, కూలర్‌కా అన్నది ఇల్లాలే తేల్చాలి. తెల్లని కప్పు కింద పెట్టిన కూలర్ తక్కువ గంటలు నడుస్తుంది, తక్కువ నీళ్ళు తాగుతుంది. ఏసీ అప్పు చేసి కొనేవాళ్ళకూ అదే లెక్క. కాగిన పత్రా కింద ఒక టన్ను యంత్రం రొప్పుతూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు.

ఇల్లూ కార్ఖానా కలిసిన చోట వైరింగ్ మరచిపోతే ఈ సలహాలన్నీ ప్రాణం మీదికి తెస్తాయి. 2025 మే 18న సోలాపూర్ అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామికవాడలో ఒక టవల్ కార్ఖానా తగలబడి 8 మంది పోయారు. కార్ఖానాలోనే కాపురముంటున్న యజమాని కుటుంబం కూడా అందులో ఉంది. నూలు దుమ్ము, బేళ్ళు, మనుషులు ఒకే కప్పు కింద ఉండే చోట పాత తీగల మీద కొత్త బరువు వేయకూడదు. పత్రా కింద వేడి ఆపడానికి థర్మాకోల్, గోనె, నూలు చెత్త కట్టే అలవాటు కూడా అలాంటిదే. అది వేడిని కొంత ఆపుతుంది, నిప్పును మాత్రం పిలుస్తుంది. ఎర్తింగ్, ఎంసీబీ, సరైన మందం తీగ — ఈ మూడింటి ఖర్చు కప్పు పూతతో పాటే వేసుకోవాలి.

మగ్గాల మోటార్లదీ ఫ్యాన్ల కథే. తక్కువ కరెంటుతో నడిచే మగ్గాలు, మోటార్లు చిన్న యూనిట్లకు వాయిదాల మీద అందించాలని 2017 అక్టోబరులో కేంద్రం ‘సాథీ’ పథకం ప్రకటించింది. మొదట పేర్లు వినిపించింది ఈరోడ్, సూరత్, ఇచల్‌కరంజీలవి. ఇంటి వెనక నాలుగు మగ్గాలు నడుపుకునే సోలాపూర్ తెలుగు నేతగాడు మళ్ళీ మళ్ళీ చుట్టించిన పాత మోటారుతోనే నెట్టుకొస్తున్నాడు. చుట్టించినప్పుడల్లా పని సరిగా కుదరకపోతే మోటారు కొంచెం ఎక్కువ కరెంటు తింటుంది. ఆ వృథా అంతా వేడిగా మారి అదే గదిలో కలుస్తుంది.

ఇక సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, మూడు కిలోవాట్లకు మొత్తం 78,000 రూపాయలు ఇస్తుంది. సోలాపూర్ ఎండకు ఒక కిలోవాట్ పలకలు రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తాయి. పలకల నీడ వల్ల కప్పుకు వేడి తగలడమూ తగ్గుతుంది. అయితే సొంత ఇల్లు, బరువు మోసే కప్పు, సరైన కనెక్షన్ ఉండాలి. అద్దెకున్నవాళ్ళకు, తుప్పు పత్రా వాళ్ళకు, అన్నదమ్ములు పంచుకున్నా మీటరు ఇంకా తాత పేరునే ఉన్నవాళ్ళకు ఆ తలుపు తెరుచుకోదు.

ఊరికి కరెంటు కొరత అని చెప్పడానికీ లేదు. 1,320 మెగావాట్ల ఎన్టీపీసీ బొగ్గు కేంద్రం సోలాపూర్ పక్కనే ఉంది. 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ 765 కిలోవోల్ట్ లైను వేసినప్పుడే దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒక్కటైంది. తెలుగు రాష్ట్రాల కరెంటునూ ఉత్తరాది కరెంటునూ ముడివేసిన ఊరు ఇది. ఆ తీగల ఊళ్ళోనే వేడిని భరిస్తూ ఫ్యాను కట్టేసుకుని పనిచేసే గదులున్నాయి.

కప్పులు తెలుపు చేసే అవకాశం ఇప్పటికీ చేజారలేదు. ఊరికి ఆనుకుని ఉన్న కుంభారీలో బీడీ కార్మిక మహిళల కోసం కట్టిన 10,000 ఇళ్ళ గోదూతాయి పరులేకర్ కాలనీని 2006లో ప్రారంభించారు. దాని తర్వాత రే నగర్‌లో 30,000 ఇళ్ళు మంజూరయ్యాయి. వాటిలో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న బీడీ, మరమగ్గం, చేనేత కార్మికులు వంటివారికి అప్పగించారు. నరసయ్య ఆడం లాంటి కార్మిక నాయకుల ఏళ్ళ పోరాటం ఆ కాలనీల వెనక ఉంది. అక్కడ కప్పులన్నీ ఒకే తీరువి, ఒకేసారి పూత వేయవచ్చు, ఒకే టెండరులో పని అయిపోతుంది. ఖర్చు ఎంత, లోపల ఎన్ని డిగ్రీలు తగ్గింది, బిల్లు ఎంత తగ్గింది అన్నది వందో రెండొందలో ఇళ్ళలో థర్మామీటర్లు పెట్టి ఒక్క వేసవి కొలిస్తే చాలు. ఆ లెక్క చేతిలో ఉంటే పాత పేటల కోసం డబ్బు అడగడం తేలిక.

పాత పేటల్లో పని మొదలుపెట్టడానికి మంచి సమయం ఫాల్గుణం. హోలీకి ముందు పూస్తే ఉగాది నుంచి మృగశిర దాకా పూత ఎండకు నిలబడుతుంది. నగరపాలిక సున్నం, నిచ్చెన, మనుషులను ఇవ్వాలి. పద్మశాలి సంఘాలు సందులవారీగా ఇళ్ళ జాబితా రాయాలి. పూత పూసిన ఇంటికి ఆ ఏడాది ఇంటిపన్నులో కొంత మినహాయింపు ఇస్తే అద్దెకిచ్చిన యజమాని కూడా ముందుకొస్తాడు. కొంతం చౌక్ నుంచి కన్నా చౌక్ దాకా ఒక్క ఏడాది చేసి చూడమనండి. జ్యేష్ఠ మధ్యాహ్నం బీడీ చుట్టే గదిలో ఫ్యాను అప్పుడూ కట్టేసే ఉంటుంది, తునికాకు తడి కోసం. పైన పత్రా మీద చేయి పెడితే మాత్రం కాలదు.